విల్లు కొనే ముందు భుజాన్ని అడగండి

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు కొట్టింది. కొడవలూరులో ఫోన్లో చూసిన నాకూ విల్లు పట్టాలనిపించింది. ఆమె వాడే కాంపౌండ్ కొనే స్థోమత లేదు. తొందరపడి సెకండ్‌హ్యాండ్‌లో 38 పౌండ్ల రికర్వ్ విల్లు కొనేశా. నెల తిరక్కుండానే భుజం పట్టేసింది. "ఎందుకురా నీకీ తిప్పలు?" అంది అమ్మ.

కోచ్ దగ్గరికెళితే, "ముందు విభాగం తేల్చుకో, విల్లు తర్వాత" అన్నారు.

ఇండియన్ రౌండ్: వెదురు విల్లు, సైట్ ఉండదు. 30, 50 మీటర్ల దూరం. ఖర్చు తక్కువ.

రికర్వ్: 70 మీటర్లు. మన ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది ఇదే. బరువంతా వేళ్లూ, భుజమూ, వీపే మోయాలి.

కాంపౌండ్: 50 మీటర్లు. పూర్తిగా లాగాక చక్రాలు బరువు తగ్గిస్తాయి. ఖర్చెక్కువ. 2028 లాస్ ఏంజెలిస్‌లో మిక్స్‌డ్ టీమ్‌గా ఒలింపిక్స్‌లోకి వస్తోంది.

ఏది ఎంచుకున్నా చిన్న పరీక్ష: పూర్తిగా లాగి, చెయ్యి వణక్కుండా కాసేపు నిలపగలగాలి. వణికితే ఆ విల్లు మీకు బరువే. కొనకండి, ముందు అకాడమీ విల్లుతో ప్రాక్టీస్ చేయండి.

నేనిప్పుడు 22 పౌండ్ల రికర్వ్‌తో, 18 మీటర్ల దగ్గరే ఉన్నా. సిగ్గేం లేదు. బాణాలన్నీ ఒకేచోట దిగుతున్నాయి, భుజమూ నొప్పనట్లేదు!