లాక్‌డౌన్‌లో ఎవరికెంత పోయింది? నా పాత నోటుబుక్కు లెక్క



2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి మా షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం దాటి గట్టిగా మేస్తున్నాయి. పురుగుకి లాక్‌డౌన్ తెలీదు కదా, ఆకు ఆపలేం. గూళ్లు కట్టాయి. ఇటు సుంకి దగ్గర ఆంధ్రా బోర్డరు మూసేశారు. పది రోజులు దాటితే రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటికొచ్చేస్తుంది, తొలిచిన గూటికి రేటు ఉండదు. వచ్చినకాడికి అమ్మేశాం.

మొన్న ఆ నోటుబుక్కు తీశాను. ఖర్చులు పోను 20,000 మిగలాల్సిన పంటలో 12,000 మిగిలింది. నష్టం 8,000 అని అప్పుడే రాసుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ లెక్క తప్పు. ఎప్పుడూ ఆకు కోతకి వచ్చే అక్కని జబ్బు అంటుకుంటుందన్న భయంతో ఆ పంటకి పిలవలేదు, ఇంట్లోవాళ్లమే కోసుకున్నాం. ఆమెకి ఇవ్వాల్సిన 3,000 నా దగ్గరే ఉండిపోయింది. అంటే అసలు నష్టం 11,000. అందులో 3,000 ఆమె నెత్తిన పడింది. వేరే పొలాల పని కూడా ఆగి, ఆ నెల ఆమె కూలి సున్నా. రూపాయల్లో చూస్తే నాదే పెద్ద నష్టం. తిండి దగ్గర చూస్తే ఆమెదే.

పెద్ద లెక్కల్లోనూ ఇదే తిరకాసు. 2020 ఏప్రిల్, మే నెలల్లో దేశంలో అట్టడుగు 20 శాతం ఇళ్లకి ఆదాయం మొత్తం పోయిందనీ, పైవాళ్లకి పావు వంతు కన్నా తక్కువే పోయిందనీ అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ 2021లో చెప్పింది. సి.ఎం.ఐ.ఇ. సంస్థ చేసే ఇళ్ల సర్వేనే తీసుకుని అర్పిత్ గుప్తా, అనుప్ మలానీ, బార్టెక్ వోడా అదే ఏడాది చివర్లో, పేదరికం పెరిగింది గానీ అసమానత తగ్గిందన్నారు. ఒకరు చూసింది ఆ రెండు నెలలు, ఇంకొకరు చూసింది పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య దూరం ఎలా మారిందో. దూరం తగ్గిందంటే కిందివాళ్లు ఎక్కారని కాదు, పైవాళ్లు కూడా దిగారని.

ఆ అక్కకి అందింది రేషన్ బియ్యం, జన్‌ధన్ ఖాతాలో నెలకి 500 చొప్పున మూడు నెలలు. ఉపాధి హామీ కూలి అప్పుడు ఒడిశాలో రోజుకి 207, బోర్డరు దాటి సాలూరు వైపు 237. ఆమె మేకలు అమ్ముకుంది. మేకలు పోవడం ఆదాయం లెక్కలోకి రాదు, విడిగా రాయాలి.

మీ దగ్గర 2020 పుస్తకాలుంటే తీయండి. కిలో రేటు ఒక్కటే కాదు, ఎన్ని కూలిరోజులు తగ్గించారో, ఏం అమ్మారో, ఎంత వడ్డీకి తెచ్చారో కూడా గ్రూపులో పెట్టండి. నాది ఇంకా పూర్తి కాలేదు, జూన్ పంట పేజీ ఎలుక కొట్టేసింది.