తల్లిపాలు చాలడం లేదా?

"పాలు చాలడం లేదు, డబ్బాపాలు మొదలుపెట్టమంటారా?" అని బాలింతలు నన్ను తరచుగా అడుగుతుంటారు. అట్టివారిని నేను ముందుగా అడిగేది బిడ్డ రోజుకెన్నిసార్లు మూత్రం పోస్తున్నాడని. మొదటి వారం గడిచాక ఆరుసార్లకు తగ్గక పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్లే. ప్రతి ఏడుపూ ఆకలి కాదు.

శిశువును తాకినా, చూచినా, తలచినా స్తన్యం స్రవిస్తుందనీ, శోకక్రోధాల వల్ల క్షీణిస్తుందనీ సుశ్రుతుడు చెప్పాడు. కుడిచిన కొద్దీ పాలు ఊరుతాయని ఆధునిక వైద్యమూ అంగీకరిస్తోంది. బాలింతకు శతావరిని పాలలో కాచి ఇవ్వడం మన సంప్రదాయమే. కాని బిడ్డ కుడవనిదే ఏ ఔషధమూ స్తన్యాన్ని నిలపలేదు. సీసా అలవాటైతే కుడవడం తగ్గి, పాలూ తగ్గుతాయి.

ముర్రుపాలు పారబోయక, పుట్టిన గంటలోపే పట్టాలి. ఆరు నెలలు నిండేవరకు నీళ్లు సైతం అవసరం లేదు. తేనె ఏడాది వరకు నాకించరాదు.

వైద్యుడు సూచిస్తే డబ్బాపాలు పట్టడం దోషం కాదు. కాచిన నీటితో, డబ్బాపై చెప్పిన కొలత ప్రకారం కలిపి, మరిగించి శుభ్రపరచిన ఉగ్గుగిన్నెతో పట్టాలి. పొదుపు కోసం పలుచన చేస్తే బిడ్డ చిక్కిపోతాడు. నీరు శుభ్రంగా లేకుంటే విరేచనాలు పట్టుకుంటాయి.

మూత్రం తగ్గి, బిడ్డ మగతగా ఉంటే మాత్రం గృహవైద్యంతో కాలయాపన చేయక తక్షణం వైద్యునికి చూపించాలి.