క్లోన్‌జిల్లాతో డిస్క్ క్లోనింగ్: సోర్స్ ఏదో, టార్గెట్ ఏదో చూసుకున్నారా?

పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే విండోస్ మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా? అక్కర్లేదు. ఉన్న సిస్టమ్‌ని ఉన్నట్టే కొత్త డిస్క్‌లోకి దించుకోవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో మన ఫైళ్లు ఉంటాయి కానీ బూట్ పార్టిషన్, డ్రైవర్లు, ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్లు ఉండవు కదా. అవన్నీ కలిపి తీసే కాపీనే డిస్క్ ఇమేజ్.

దీనికి నేను వాడేది క్లోన్‌జిల్లా. తైవాన్‌లో పుట్టిన ఫ్రీ, ఓపెన్ సోర్స్ టూల్. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది కాబట్టి లోపల విండోస్ ఉన్నా లైనక్స్ ఉన్నా ఒకటే. కానీ స్క్రీన్ చూస్తే మన చిన్నప్పటి బయోస్ మెనూలా ఉంటుంది, అన్నీ కీబోర్డ్‌తోనే. అది చూసి భయపడేవాళ్లకి రెస్క్యూజిల్లా ఉంది, మౌస్‌తో పని అయిపోతుంది.

మొదటిసారి దీన్ని మా చెల్లి లాప్‌టాప్ మీద వాడా. పాతది 500 జీబీ హార్డ్ డిస్క్, కొత్తది 480 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఎస్‌ఎస్‌డీ పనిచేస్తుందో లేదో చూద్దామని ముందే ఫార్మాట్ చేసి పెట్టా. క్లోన్‌జిల్లాలో డిస్కులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కనిపిస్తాయి. మొదటిదే లాప్‌టాప్ డిస్క్ అయ్యుంటుందిలే అనుకుని, అది అడిగిన ప్రతిసారీ వై కొట్టుకుంటూ పోయా. నిమిషం కూడా పట్టలేదు. అంత డేటా నిమిషంలో ఎలా కాపీ అయింది? అప్పుడు చల్లబడ్డాయి చేతులు. ఖాళీ ఎస్‌ఎస్‌డీని తెచ్చి హార్డ్ డిస్క్ మీద రాసేశా. రెండు రోజుల్లో సబ్మిట్ చేయాల్సిన తన ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అందులోనే ఉంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. టార్గెట్ డిస్క్ సోర్స్‌కి సమానంగా గానీ పెద్దదిగా గానీ ఉండాలని క్లోన్‌జిల్లా రూల్. అంటే నేను సరిగ్గా సెలెక్ట్ చేసుంటే 500 నుంచి 480కి కుదరదని ఆపేసేది. తప్పు దిక్కులో సైజు సరిపోయింది కాబట్టి మాట్లాడకుండా చేసేసింది!

కాపాడింది కూడా దాని పద్ధతే. లోపల పనిచేసే పార్ట్‌క్లోన్ డిస్క్ మొత్తాన్ని కాపీ చేయదు, వాడుకలో ఉన్న బ్లాకుల్నే చేస్తుంది. ఖాళీ డిస్క్‌లో వాడుకలో ఉన్నవి చాలా తక్కువ. పార్టిషన్ టేబుల్ పోయింది కానీ పాత డేటా చాలావరకు అలాగే ఉండిపోయింది. టెస్ట్‌డిస్క్‌తో వెతికితే పాత పార్టిషన్ దొరికింది, ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌లోకి తీశాం. విండోస్ మాత్రం మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సే వచ్చింది.

అప్పటినుంచి డివైస్ టు డివైస్ ఆప్షన్ జోలికి పోవట్లేదు. డివైస్ టు ఇమేజ్ పెట్టి ముందు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఇమేజ్ తీస్తా. టైమ్ డబుల్ అవుతుంది, పర్లేదు. సేవ్ చేసేటప్పుడు సోర్స్ డిస్క్‌ని చదవడమే తప్ప దానిమీద రాయదు. ఇమేజ్ రీస్టోర్ అవుతుందో లేదో చెక్ చేయమంటారా అని అడుగుతుంది, స్కిప్ చేయకండి. రీస్టోర్ చేసేముందు పాత డిస్క్‌ని ఊడదీసి బల్ల మీద పెట్టేస్తా. కనెక్ట్ అవ్వని డిస్క్‌ని ఎవరూ చెరపలేరు. ఏది ఏదో తెలియాలంటే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు నమ్మొద్దు, అవి బూట్ బూట్‌కీ మారొచ్చు. పక్కన కనిపించే మోడల్, సైజు చూడండి. 500 డిస్క్‌కి 480 కొనకుండా 512 కొంటే సైజు గొడవే ఉండదు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ముందే ఆపేయండి, లేకపోతే పార్టిషన్ సరిగా మూసుకోదు, క్లోన్‌జిల్లా ఎర్రర్ ఇస్తుంది. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఏ బ్లాక్ ఖాళీయో దానికి తెలియదు, ప్రతి సెక్టార్ కాపీ చేస్తూ కూర్చుంటుంది.

కాలేజీ ల్యాబ్‌లో 40 సిస్టమ్‌లు ఉంటే క్లోన్‌జిల్లా సర్వర్ ఎడిషన్ ఉంది. మల్టీకాస్ట్‌లో ఒకే ఇమేజ్‌ని అన్నిటికీ ఒకేసారి పంపుతుంది. దీన్ని వైఫై మీద ట్రై చేయకండి, ల్యాన్ కేబుల్ ఉండాలి. ఇమేజ్ తీసేముందు విండోస్‌లో సిస్‌ప్రెప్ రన్ చేయాలి, లేదంటే అన్ని సిస్టమ్‌లూ ఒకే పేరు, ఒకే ఐడీతో లేస్తాయి.

దీనిలో నాకు నచ్చనిది ఒకటుంది. నిన్నటి నుంచి మారినవి మాత్రమే సేవ్ చేయడం దీనికి రాదు, ప్రతిసారీ మొత్తం తీయాల్సిందే. అందుకే నేను మూడు నెలలకోసారి ఇమేజ్ తీసుకుంటా, రోజూ మారే ఫైళ్లు క్లౌడ్‌కి సింక్ అవుతుంటాయి.