నోటాకు ఎక్కువ ఓట్లు వస్తే ఎన్నిక రద్దవుతుందా?

‘వీళ్లెవరూ వద్దు’ అని చెప్పే నోటా మీటకు అభ్యర్థులందరి కంటే ఎక్కువ ఓట్లు పడితే ఎన్నిక రద్దవుతుందనీ, ఓడినవాళ్లు మళ్లీ నామినేషన్ వేయడానికి వీల్లేదనీ పోలింగ్ దగ్గరపడే కొద్దీ వాట్సాప్‌లో ప్రచారం ఊపందుకుంటుంది. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల విషయంలో ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు. పొరపాటులే అని వదిలేయదగ్గదీ కాదు. ఫలానా అభ్యర్థిని ఓడించి తీరాలని ఎండలో గంటసేపు వరుసలో నిలబడ్డ ఓటరు ఈ మాట నమ్మి నోటా నొక్కితే, ప్రత్యర్థికి పడాల్సిన ఓటు ఒకటి తగ్గుతుంది. దానివల్ల మేలు జరిగేది ఓడించాలనుకున్న మనిషికే.

మన నియోజకవర్గాల్లో గెలుపు సూత్రం ఒక్కటే: పోటీలో ఉన్నవారిలో ఎవరికి చెల్లిన ఓట్లు ఎక్కువ వస్తే వారే విజేత. నోటా అభ్యర్థి కాదు, దానికి పడ్డవి చెల్లిన ఓట్లలో చేరవు. పోలైన వెయ్యి ఓట్లలో 990 నోటాకే పోయినా, మిగిలిన పదింటిలో ఆరు తెచ్చుకున్న వ్యక్తిని రిటర్నింగ్ అధికారి గెలిచినట్లు ప్రకటించాల్సిందే. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రావాలి. ఆ లెక్కలోనూ నోటా ఉండదు.

అసలు నోటా వచ్చింది ఓటు రహస్యాన్ని కాపాడటానికి. అంతకుముందు ఎవరికీ ఓటు వేయనని చెప్పదలచినవారు 49-ఓ నిబంధన కింద ప్రిసైడింగ్ అధికారికి ఆ మాట చెప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాల్సి వచ్చేది. బూత్‌లో కూర్చున్న ఏజెంట్లందరికీ విషయం తెలిసిపోయేది. ఈ లోపాన్ని సరిదిద్దుతూ సుప్రీంకోర్టు 2013 సెప్టెంబర్ 27న ఈవీఎంలో ప్రత్యేక మీట పెట్టమని ఆదేశించింది. ఎన్నికను రద్దు చేసే అధికారం మాత్రం ఆ మీటకు ఇవ్వలేదు.

2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకున్నాక నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. విజేతకు ఆ ఓట్లు అడ్డురాలేదు. 2019లో అరకులో 47 వేలకు పైగా నోటా ఓట్లు పడితే అక్కడా అంతే. ఇక ఒక్కరే బరిలో మిగిలితే పోలింగే ఉండదు. 2024లో సూరత్ ఏకగ్రీవమైనప్పుడు అక్కడి ఓటరుకు నోటా నొక్కే అవకాశమే రాలేదు.

అయితే ఈ పుకారు పూర్తిగా గాలిలోంచి పుట్టిందని అనలేం. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక సంస్థల ఎన్నికలకు నిబంధన మార్చాయి. నోటాదే పైచేయి అయితే అక్కడ మళ్లీ ఎన్నిక జరుగుతుంది. రెండోసారీ అదే జరిగితే తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే విజేత. కేంద్ర ఎన్నికల సంఘం నిర్వహించే ఎన్నికలకు ఈ నియమం వర్తించదు.

గెలవాలంటే సగానికి మించి ఓట్లు రావాలన్నదీ అపోహే. 2014లో బీజేపీ 31 శాతం ఓట్లతో 282 సీట్లు గెలిచింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి 39 శాతం ఓట్లు వచ్చినా 175లో దక్కినవి 11 సీట్లే. ఓట్లకూ సీట్లకూ పొంతన లేకపోవడం ఈ పద్ధతిలోని నిజమైన లోపం, తీవ్రంగా చర్చించాల్సిన లోపం. న్యూజిలాండ్ ఇలాంటి పద్ధతినే వదిలి, 1996 నుంచి పార్టీ ఓట్ల వాటాకు తగ్గట్టు సీట్లు దక్కే మిశ్రమ విధానంలోకి మారింది. మన రాజ్యసభకూ దామాషా పద్ధతే. ఎమ్మెల్యేలు ప్రాధాన్య క్రమంలో ఓటు వేస్తారు. అక్కడ నోటా చెల్లదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది.

ఇలాంటి ప్రచారాలు ఇంకా ఉన్నాయి. బూత్‌లో 14 శాతం టెండర్ ఓట్లు (తన పేరున అప్పటికే ఇంకొకరు ఓటేసి వెళ్లినప్పుడు అసలు ఓటరు వేసేవి) పడితే రీపోలింగ్ జరుగుతుందన్న మాట శుద్ధ అబద్ధం. జాబితాలో పేరు లేకున్నా ఆధార్ చూపి ‘ఛాలెంజ్ ఓటు’ వేయొచ్చన్నదీ అంతే. ఛాలెంజ్ అంటే ఏజెంటు రెండు రూపాయలు కట్టి ఓటరు గుర్తింపుపై అభ్యంతరం చెప్పడం. ఒక్క ఓటుతో ఏమవుతుందనేవారు 1989 అనకాపల్లి లోక్‌సభ ఫలితం చూడాలి, అక్కడ మెజారిటీ తొమ్మిది ఓట్లు.

అభ్యర్థులెవరూ నచ్చలేదని నమోదు చేయడమే ఉద్దేశమైతే నోటా నొక్కవచ్చు, అది ఓటరు హక్కు. ఒకరిని ఓడించడమే ఉద్దేశమైతే మాత్రం గెలిచే సత్తా ఉన్న మరొకరికి ఓటు వేయాలి.