పక్కింటికి పంపే ఫైల్ ముంబై ఎందుకు తిరిగొస్తుంది? పీరింగ్ కథ ఇదీ

కరీంనగర్‌లో మీ ఇంట్లో ఒక కంపెనీ ఫైబర్, పక్కింటి దోస్తుది ఇంకో కంపెనీది అనుకుందాం. ఇద్దరిదీ 100 ఎంబీపీఎస్ ప్లానే. మీరు నేరుగా పంపే ఫైల్ ఆ గోడ దాటాలంటే, ముందు ఆ రెండు నెట్‌వర్క్‌లు కలిసే చోటికి పోవాలి.

అవి హైదరాబాద్‌లో కలిస్తే దారి సుమారు 320 కిలోమీటర్లు. ముంబైలో అయితే 1,700 దాటుతుంది. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. అంటే పోయి రావడానికి మొదటి దారిలో 3 మిల్లీసెకన్లు, రెండో దారిలో 17. రౌటర్లు, కేబుల్ మలుపులు కలిస్తే అసలు పింగ్ ఇంకా ఎక్కువే. అదిలాబాద్ వాళ్లకైతే హైదరాబాదే 300 కిలోమీటర్లు.

మరి దగ్గర్లోనే ఎందుకు కలవరు? ఇక్కడ నడిచేది దూరం కాదు, డబ్బు లెక్క. పెద్ద నెట్‌వర్క్‌కి డబ్బు కట్టి ప్రపంచమంతా చేరడం ట్రాన్సిట్. "నీ కస్టమర్ల ట్రాఫిక్ నాకియ్యి, నా వాళ్లది నీకిస్తా, బిల్లు వద్దు" అనుకోవడం పీరింగ్. ఒప్పుకునే ముందు ఐఎస్పీ మూడు చూస్తుంది:

1. మిగిలే ట్రాన్సిట్ బిల్లు, పోర్టు, లైన్ ఖర్చు కంటే ఎక్కువేనా?
2. ఇచ్చిపుచ్చుకునే ట్రాఫిక్ ఇంచుమించు సమానమేనా?
3. రేపు నా దగ్గర ట్రాన్సిట్ కొనేవాడికి ఇవాళ ఫ్రీగా ఎందుకియ్యాలి?

పెద్ద కంపెనీలు చిన్నవాళ్లకు నో చెప్పేది ఎక్కువగా మూడో ప్రశ్న దగ్గరే.

దేశంలోని ట్రాఫిక్ విదేశాలు తిరిగి రాకూడదని 2003లో నిక్సీ పెట్టారు. హైదరాబాద్‌లోనూ దాని ఎక్స్ఛేంజ్ ఉంది. ఒక్క పోర్టు తీసుకుంటే అక్కడున్న చాలామందితో కలవొచ్చు. కానీ అక్కడ చాలా ఏళ్లు ఒక రూల్ నడిచింది: ట్రాఫిక్ ఎక్కువ లాక్కునేవాడు పంపినవాడికి డబ్బు కట్టాలి. ఇళ్లల్లో మనమంతా లాక్కునేవాళ్లమే కదా! ఇళ్లకు నెట్ ఇచ్చే చిన్న ఐఎస్పీకి అది భారమే.

నా సలహా: కనెక్షన్ తీసుకునేముందు స్పీడ్ ఒక్కటే చూడకండి. ఆ కనెక్షన్ ఉన్న దోస్తు ల్యాప్‌టాప్‌లో ట్రేసర్ట్ కమాండ్ కొట్టి, మీరు వాడే సర్వర్‌కి దారి ఎటు పోతుందో చూడండి. గేమ్ సర్వరే ముంబైలో ఉంటే హైదరాబాద్ పీరింగ్ ఏమీ చేయలేదు. సర్వర్ హైదరాబాద్‌లో ఉండి కూడా దారి ముంబై తిరిగొస్తుంటే మాత్రం, 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారినా ఆ పింగ్ తగ్గదు.