చేతిని ఆపేదీ, ఆగనివ్వనిదీ: డోపమైన్



సాయం కోరి వచ్చే కుటుంబాల్లో మేము రెండు రకాల బాధలు తరచూ చూస్తున్నాం. ఒక ఇంట్లో పెద్దాయన సజ్దా నుంచి లేవలేరు, చేతిలో టీ కప్పు నిలవదు. మరో ఇంట్లో కుర్రవాడు సెల్‌ఫోన్‌లో పందెం ఆటలు మానలేడు. మొదటిది వయసనీ, రెండోది పొగరనీ తేల్చేస్తాం. కానీ రెండింటి వెనుకా మెదడులోని డోపమైన్ అనే రసాయనం పాత్ర ఉంది.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, డోపమైన్‌ను తయారుచేసేవి కొన్ని లక్షలే. వాటిలో ఎక్కువ భాగం మధ్యమెదడులో ఉంటాయి. అక్కడి నుంచి వాటి తంతువులు చెరువు కింద కాలువల్లా వేర్వేరు భాగాలకు సాగుతాయి. తంతువు చివర విడుదలైన డోపమైన్ సన్నని ఖాళీని దాటి, అవతలి కణం మీది గ్రాహకాలను తాకుతుంది. అదే సందేశం.

ఒక కాలువ కదలికలకు సంబంధించింది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చారు. అది మన సర్పగంధ వేరులో దొరికే మందే. కుందేళ్లు కదల్లేక పడిపోయాయి. ఎల్-డోపా ఇవ్వగానే లేచాయి. మెదడులో అది డోపమైన్‌గా మారుతుంది. పార్కిన్సన్స్ రోగులకు నేటికీ ప్రధానమైన మందు అదే. డోపమైన్‌నే మింగితే రక్తం నుంచి మెదడులోకి చేరదు.

రెండో కాలువ ఆశకు సంబంధించింది. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై చేసిన ప్రయోగాల్లో, అనుకోకుండా పండ్లరసం దొరికితే ఈ కణాలు చురుకయ్యాయి. రసానికి ముందు దీపం వెలగడం అలవాటయ్యాక, దీపానికే చురుకయ్యాయి. దీపం వెలిగినా రసం రాకపోతే నీరసించాయి. అంటే డోపమైన్ చెప్పేది సుఖం గురించి కాదు, ఆశించినదానికీ దొరికినదానికీ ఉన్న తేడా గురించి. పందెంలో ఎప్పుడు గెలుస్తామో తెలియదు కాబట్టి ఆ ఆశ చల్లారదు. జూదం హరామ్ అని ఆ కుర్రవాడికి తెలియక కాదు. తప్పు తప్పే, కానీ మందలింపు ఒక్కటే చాలదు. వైద్యుల సలహా, ఇంటివాళ్ల తోడు, నెలల ఓపిక కావాలి.

పెద్దాయన మందు ప్రభావం కొన్ని గంటలే. రోజూ వేళకు పడాలి, హఠాత్తుగా ఆపితే ప్రమాదం. మన జకాత్, సదఖాలు ఎక్కువగా రంజాన్‌లోనే అందుతాయి. మందు మాత్రం 12 నెలలూ కావాలి. అందుకే మా మనవి: ఇచ్చేదాన్ని నెలనెలా కొంతగా పంచి ఇవ్వండి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.