తెల్లమద్ది బెరడు గుండెను కాపాడుతుందా? – జంతుప్రయోగ పద్ధతి

తెల్లమద్ది (టెర్మినాలియా అర్జున) బెరడును ఆయుర్వేదంలో గుండె జబ్బులకు చాలాకాలంగా వాడుతున్నారు. అయితే వాడుకలో ఉండటం వేరు, రుజువు కావటం వేరు. ఆ బెరడు సారానికి గుండె కండరాన్ని రక్షించే గుణం ఉందో లేదో ఎలుకలలో ఎలా పరీక్షిస్తారో ఈ భాగంలో తెలుసుకొందాం.

నష్టం కలిగించే పద్ధతి

రక్షణను కొలవాలంటే ముందు నష్టం ఉండాలి. ఇందుకు ఐసోప్రొటెరినాల్ అనే కృత్రిమ రసాయనాన్ని వాడతారు. ఇది గుండెలోని బీటా గ్రాహకాలను అతిగా ఉత్తేజపరుస్తుంది. అప్పుడు గుండె వేగం పెరిగి, ఆక్సిజన్ అవసరం సరఫరాను మించిపోతుంది. స్వేచ్ఛా రాడికల్స్ ఏర్పడి కణత్వచాలు దెబ్బతింటాయి. అనేక ప్రయోగాలలో కిలో శరీర బరువుకు 85 మి.గ్రా. చొప్పున, 24 గంటల తేడాతో రెండుసార్లు చర్మం కింద ఇంజెక్షన్ ఇస్తారు.

సమూహాల విభజన

ఎలుకలను యాదృచ్ఛికంగా నాలుగు సమూహాలుగా విభజిస్తారు.
1వ సమూహం: సారాన్ని కలిపే ద్రవం మాత్రమే.
2వ సమూహం: బెరడు సారం మాత్రమే.
3వ సమూహం: ఐసోప్రొటెరినాల్ మాత్రమే.
4వ సమూహం: కొన్ని వారాలు సారం, తరువాత ఐసోప్రొటెరినాల్.

2వ సమూహం ఎందుకని మీకు సందేహం కలగవచ్చు. సారమే హాని చేస్తుందేమో తెలిసేది దాని వల్లనే. రక్షణ ఉన్నదీ లేనిదీ 3, 4 సమూహాల పోలికలో తేలుతుంది.

కొలతలు

కండర కణం దెబ్బతింటే లోపలి సి.కె.-ఎం.బి. ఎంజైము, ట్రోపోనిన్ ప్రోటీను రక్తంలోకి చేరతాయి. 4వ సమూహంలో ఇవి తక్కువగా ఉంటే రక్షణ జరిగిందనటానికి అది ఒక సూచన. కాని ఈ ఎంజైము స్థాయి కొన్ని గంటలు పెరిగి, మళ్ళీ తగ్గిపోతుంది. ఒక సమూహం రక్తాన్ని ఆలస్యంగా తీస్తే, మందు పనిచేయకున్నా పనిచేసినట్లే కనిపిస్తుంది. అందువల్ల చివరి ఇంజెక్షన్ తరువాత అన్ని సమూహాల రక్తాన్నీ ఒకే వ్యవధిలో తీయాలి. గుండె కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించేవారికి అది ఏ సమూహానిదో తెలియకూడదు.

ఇటువంటి ప్రయోగానికి సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. పద్ధతి లోపభూయిష్ఠమైతే ఆ ప్రాణాలు వృథాగా పోయినట్లే.

ఫలితాల పరిమితి

ఎలుకలలో తెల్లమద్ది సారం నష్టాన్ని తగ్గించినట్లు ప్రచురిత పరిశోధనలు ఉన్నాయి. అయితే క్రమాన్ని గమనించండి: ఎలుకకు సారం ముందు ఇచ్చి, నష్టం తరువాత కలిగించారు. గుండెపోటు వచ్చిన రోగి విషయంలో నష్టమే ముందు. పైగా ఎలుకలో నష్టానికి కారణం రసాయనం. మనిషిలో సాధారణంగా రక్తనాళం మూసుకుపోవటం. కాబట్టి ఈ ఫలితాలను చూసి డాక్టరు రాసిన మాత్రలు మానటం ప్రమాదకరం. ఇంట్లోవారు సలహా అడిగితే, ఈ పాఠం చదివిన మీరు చెప్పవలసిన మాట ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 2వ సమూహం లేకపోతే ఏ విషయం తెలియకుండా పోతుంది?
2. రక్తం తీసే సమయం మారితే ఫలితం ఎలా తప్పుదోవ పట్టిస్తుంది?